ఒక ఇన్‌ఫంట్రీ డివిజన్‌ను టేబుల్ మీద ఎట్లా నిలబెట్టాలి?

తమ్ముడూ, చదివే మిగతావాళ్ళ కోసం ముందు నీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. నువ్వు అనంతపురంలో చదువుకుంటున్నావు. 1/72 సైజు ప్లాస్టిక్ సైనికుల పెట్టెలు రెండు, ఆరడుగుల పొడవు నాలుగడుగుల వెడల్పు టేబుల్ ఒకటి నీ దగ్గర ఉన్నాయి. మన ఆర్మీ ఇన్‌ఫంట్రీ (కాల్బలం) డివిజన్‌ను పూర్తిగా తయారుచేసి, టేబుల్ మీద బొమ్మలతో యుద్ధం ఆట ఆడాలని కోరిక. డివిజన్ అంటే పదిహేను వేల మంది అంటున్నారు, మరి ఒక బొమ్మను ఎంతమందికి లెక్క వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎదుటి పక్షానికి కూడా డివిజనే చేయాలా అని అడిగావు.

నేరుగా చెబుతా. బొమ్మకు ఎంతమంది అనే లెక్క వదిలెయ్. కంపెనీకి, అంటే నూరు మంది పైచిలుకు ఉండే దళానికి, ఒక బేస్ అనుకో. బేస్ అంటే బొమ్మలు అతికించే చిన్న చదరపు పలక. అట్లా లెక్కేస్తే ఎనభై బేసుల్లో డివిజన్ మొత్తం వచ్చేస్తుంది. అవి కూడా ఒకేసారి చేయొద్దు. మొదట ఒక బ్రిగేడ్, దాంతోపాటు డివిజన్ ఆర్టిలరీ, ఇంజనీర్లు చేసుకో. మిగతా రెండు బ్రిగేడ్లు నిదానంగా వస్తాయి.

నేను ఆర్టిలరీలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కర్నూలులో ఉంటున్నా. ఇక్కడ కొంతమందిమి కలిసి ఆదివారాలు ఈ ఆట ఆడుతుంటాం. ఫిరంగుల గురించి నేను కాస్త ఎక్కువ మాట్లాడితే ఏమనుకోకు, అది పాత అలవాటు.

కంపెనీయే ఎందుకంటే, మిలిటరీలో ఒక పద్ధతి ఉంది. ఆర్డర్ ఒక మెట్టు కిందికి ఇస్తారు, ఆలోచన మాత్రం రెండు మెట్ల కింది దాకా చేస్తారు. డివిజన్ నడిపే మేజర్ జనరల్ ఆర్డర్ ఇచ్చేది బ్రిగేడియర్లకు. ఏ బెటాలియన్ ఎక్కడుందో, ఎంత అలసిపోయిందో మనసులో ఉంచుకుంటాడు. ఫలానా ప్లటూన్ ఆ చింతచెట్టు దగ్గరికి పోవాలని ఆయన చెప్పడు. టేబుల్ ముందు నిలబడ్డ నువ్వు కూడా అదే కుర్చీలో ఉన్నావు. కంపెనీ ఒక బేస్ అయితే బెటాలియన్‌కు ఒక ఆకారం వస్తుంది. రెండు కంపెనీలు ముందు, రెండు వెనక అని పెట్టుకోవచ్చు, పక్కకు తిప్పుకోవచ్చు. అంతకంటే చిన్న ముక్కలు చేస్తే నువ్వు జనరల్‌గా కాక సుబేదార్‌గా ఆడతావు. అదీ మంచి ఆటే, కానీ డివిజన్ ఆట కాదు.

ప్లటూన్‌కు ఒక బేస్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. లెక్క చూడు. తొమ్మిది బెటాలియన్లు, ఒక్కోదానికి నాలుగు రైఫిల్ కంపెనీలు, ఒక్కో కంపెనీకి మూడు ప్లటూన్లు. రైఫిల్ ప్లటూన్లే 108. వాటికి మోర్టార్లు, యాంటీ ట్యాంక్ క్షిపణులు, ఫిరంగులు కలిపితే రెండొందలకు దగ్గరపడుతుంది. ఇద్దరు మనుషులు ఒక టర్న్ పూర్తిచేయడానికే గంట పడుతుంది. సాయంత్రానికి ఎవరి డివిజనూ ఊరి పొలిమేర దాటదు.

ఇప్పుడు కొలత. టేబుల్ మీద ఒక సెంటీమీటర్‌ను వంద మీటర్లు అనుకో. నీ ఆరడుగులు పద్దెనిమిది కిలోమీటర్లు, నాలుగడుగులు పన్నెండు కిలోమీటర్లు అవుతాయి. డివిజన్ దాడికి ఇది సరిపోయే నేల. ఈ కొలత పెట్టగానే ఆయుధాల సంగతి తేలిపోతుంది. ఇన్‌సాస్ రైఫిల్ పనిచేసే దూరం 400 మీటర్లు, అంటే టేబుల్ మీద 4 సెంటీమీటర్లు. పక్క బేస్ దాకా మాత్రమే. మిలాన్ క్షిపణికి సుమారు 2 కిలోమీటర్లు, 20 సెంటీమీటర్లు. కాంకర్స్ క్షిపణికి 4 కిలోమీటర్లు, 40 సెంటీమీటర్లు. బెటాలియన్ దగ్గరుండే 81 ఎంఎం మోర్టార్ 5 కిలోమీటర్లు కొడుతుంది, అర మీటరు. మన 105 ఎంఎం ఇండియన్ ఫీల్డ్ గన్ 17 కిలోమీటర్లు, అంటే నీ టేబుల్ ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు అందుతుంది. పాత 130 ఎంఎం గన్ 27 కిలోమీటర్లు కొడుతుంది, దాన్ని పక్క గదిలో పెట్టుకోవాలి.

అందుకే రైఫిల్ ఏ మోడల్, మెషిన్‌గన్ ఏ దేశానిది అని తల బద్దలుకొట్టుకోకు. ఈ స్థాయిలో అవేవీ కనిపించవు. ఎవరైనా రూల్స్‌లో ఎస్ఎల్ఆర్ అనే పాత రైఫిల్‌కు ఒక నంబర్, ఇన్‌సాస్‌కు ఇంకో నంబర్ ఇచ్చివుంటే ఆ రూల్స్ రాసినాయనకు డివిజన్ అంటే ఏమిటో సరిగా తెలియదని నా అభిప్రాయం. ఇక్కడ తేడా తెచ్చేవి ఫిరంగులు, మందుపాతరలు, రిజర్వ్, టైం.

సరే, ఎనభై బేసులు ఎట్లా వచ్చాయో చూద్దాం. డివిజన్‌లో మూడు బ్రిగేడ్లు, బ్రిగేడ్‌కు మూడు బెటాలియన్లు. బెటాలియన్ అంటే ఎనిమిది వందల మంది చిల్లర. దానికి నాలుగు రైఫిల్ కంపెనీల బేసులు, మోర్టార్లు, క్షిపణులు ఉండే సపోర్ట్ కంపెనీకి ఒకటి, మొత్తం ఐదు. తొమ్మిది బెటాలియన్లకు 45. బెటాలియన్ సీవోకు (కమాండింగ్ ఆఫీసర్‌కు) వేరే బేస్ వద్దు, ఏదో ఒక కంపెనీ బేస్ మీద చిన్న జెండా గుచ్చు. బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్స్ మూడు, డివిజన్ హెడ్‌క్వార్టర్స్ ఒకటి. 49 అయ్యాయి.

ఆర్టిలరీ బ్రిగేడ్‌లో మూడు ఫీల్డ్ రెజిమెంట్లు, ఒక మీడియం రెజిమెంట్ అనుకుందాం. రెజిమెంట్‌కు మూడు బ్యాటరీలు, బ్యాటరీకి ఆరు గన్‌లు, అంటే రెజిమెంట్‌కు 18. బ్యాటరీకి ఒక బేస్ చొప్పున 12. ఇవి టేబుల్ అంచున ఉన్నా చాలు, లేకున్నా ఫర్వాలేదు. టేబుల్ మీద తప్పనిసరిగా ఉండాల్సింది అబ్జర్వర్లు, అంటే ముందు నుంచి చూసి ఫిరంగులు ఎక్కడ కొట్టాలో చెప్పేవాళ్ళు. బెటాలియన్‌కు ఒకరు చొప్పున తొమ్మిది. ఇక ఇంజనీర్ రెజిమెంట్‌కు మూడు ఫీల్డ్ కంపెనీలు, ఎయిర్ డిఫెన్స్‌కు రెండు, లారీలకు రెండు. డివిజన్‌కు ఒక ఆర్మర్డ్ రెజిమెంట్ తోడిస్తే అందులో 45 ట్యాంకులుంటాయి. స్క్వాడ్రన్‌కు 14 చొప్పున మూడు స్క్వాడ్రన్లు, హెడ్‌క్వార్టర్స్‌లో మూడు. స్క్వాడ్రన్‌కు ఒక బేస్. కూడితే 80. సిగ్నల్స్‌కు బేస్ పెట్టలేదని ఎవరైనా సిగ్నల్స్ వాళ్ళు చదివితే కోప్పడొద్దు, మీ పని రూల్స్‌లో వస్తుంది.

ఇది ఒక సాధారణ నమూనా మాత్రమే. అసలైన పట్టికలు ఆర్మీ బయటపెట్టదు. పైగా అన్ని డివిజన్లూ ఒకే రకంగా ఉండవు. మైదానాల్లో రాపిడ్ అనే రకం ఉంది, అందులో రెండు ఇన్‌ఫంట్రీ బ్రిగేడ్లు, సాయుధ బండ్లలో కదిలే మెకనైజ్డ్ బ్రిగేడ్ ఒకటి. మౌంటెన్ డివిజన్‌లో బండ్లు తక్కువ, ఫిరంగుల తీరు వేరు. ఇప్పుడు ఇంటిగ్రేటెడ్ బాటిల్ గ్రూపులని, అన్ని రకాల దళాలు కలిసి ఉండే చిన్న గుంపుల వైపు ఇంకో మార్పు నడుస్తోంది. కాబట్టి ముందు ఏ సంవత్సరమో తేల్చుకో. "మోడర్న్" అంటే సరిపోదు. 1971లో ఒకటి, 1999లో ఒకటి, ఈ రోజు ఇంకొకటి.

నన్నడిగితే 1971 పడమటి సరిహద్దు తీసుకో. పైన చెప్పిన ఇన్‌సాస్, మిలాన్, కాంకర్స్ అప్పటికి లేవు, ఆ ఆటలో వాటిని వదిలెయ్. డివిజన్లు డివిజన్లుగా కదిలి పోరాడాయి, సమాచారం బాగా దొరుకుతుంది. కార్గిల్ చేస్తానని చాలామంది ఉత్సాహపడతారు. 1999లో ద్రాస్ వైపు 8 మౌంటెన్ డివిజన్ పోరాడింది నిజమే, కానీ తోలోలింగ్ లాంటి చోట కంపెనీలు, ప్లటూన్లు ఒక్కో బండరాయి కోసం కొట్లాడాయి. సెంటీమీటర్‌కు వంద మీటర్లు అంటే ఆ కొండ మొత్తం నీ అరచేతి కింద పోతుంది. కార్గిల్‌కు ప్లటూన్ బేసులు, వేరే కొలత కావాలి.

మేము ఎక్కువగా ఆడేది బసంతర్. పాకిస్తాన్ వైపున్న షకర్‌గఢ్ ప్రాంతంలో 1971 డిసెంబర్‌లో మన 54 ఇన్‌ఫంట్రీ డివిజన్ చేసిన దాడి అది. ఆ డివిజన్‌కు సికింద్రాబాద్‌తో అనుబంధం ఉంది కాబట్టి మనవాళ్ళకు ఆసక్తి కూడా ఎక్కువ. మేజర్ జనరల్ డబ్ల్యూ.ఎ.జి. పింటో కమాండర్. 47, 74, 91 బ్రిగేడ్లు ఆయన కింద ఉన్నాయి. 16 ఇండిపెండెంట్ ఆర్మర్డ్ బ్రిగేడ్ తోడుంది. బసంతర్ అంటే ఒక ఏరు. మన వేసవిలో హంద్రీ ఎట్లా ఉంటుందో అట్లాంటిదే, చూడ్డానికి పెద్ద అడ్డంకి అనిపించదు. కానీ పాకిస్తాన్ వాళ్ళు మందుపాతరలు లోతుగా పరిచి పెట్టారు, కొన్నిచోట్ల బురద కూడా. ఇన్‌ఫంట్రీ నడిచి దాటగలదు, ట్యాంకులు దాటలేవు. డిసెంబర్ 15 రాత్రి 47 బ్రిగేడ్ దాటి అవతలి ఒడ్డున చోటు సంపాదించింది. 3 గ్రెనేడియర్స్, 16 మద్రాస్ బెటాలియన్లు ముందు వెళ్ళాయి. తెల్లవారేలోపు ట్యాంకులు చేరకపోతే ఆ బెటాలియన్ల గతి ఏమిటి? ఇంజనీర్లు దారి పూర్తిగా తెరవకముందే 17 పూనా హార్స్ అనే ఆర్మర్డ్ రెజిమెంట్ సెంచూరియన్ ట్యాంకులు ఆ మందుపాతరల్లోంచి వెళ్ళాయి. 16వ తేదీన పాకిస్తాన్ 8 ఆర్మర్డ్ బ్రిగేడ్ పాటన్ ట్యాంకులతో వరుసగా ఎదురుదాడులు చేసింది. పూనా హార్స్‌లోని సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ఆ రోజే చనిపోయారు. జర్పాల్ అనే ఊరి దగ్గర 3 గ్రెనేడియర్స్ మేజర్ హోషియార్ సింగ్ తన కంపెనీతో నిలబడ్డారు. ఇద్దరికీ పరమవీర చక్ర వచ్చింది.

ఆట పరంగా చూడు. ఇక్కడ డివిజన్ కమాండర్ ముందున్న అసలు ప్రశ్న ఒకటే: మూడు ఇంజనీర్ బేసులను ఎక్కడ పెట్టాలి? అన్నీ ఒకే దారి మీద పెడితే తొందరగా తెరుచుకుంటుంది, కానీ శత్రువు ఫిరంగులకు ఎక్కడ కొట్టాలో తెలిసిపోతుంది. రెండు దారులు అంటే ఆలస్యం. మా దగ్గర బ్యాంకులో పనిచేసే ఒక మిత్రుడున్నాడు, దూకుడు మనిషి. మొదటి ఆటలో ఇంజనీర్లను కాన్వాయ్‌లో లారీల వెనక పెట్టాడు, బొమ్మలు అక్కడ అందంగా ఉన్నాయని. ఒడ్డు దాటిన మూడు బెటాలియన్లు తెల్లారేదాకా ఒంటరిగా ఉండిపోయాయి. ఎదుటి పక్షం ట్యాంకులు రాగానే ఒకటి తర్వాత ఒకటి పోయాయి. ఆ తర్వాత ఆయన ప్రతి ఆటలో ముందు అడిగేది ఇంజనీర్లు ఎక్కడ అని.

ఇదే మనిషి ఇంకోసారి మూడు బ్రిగేడ్లనూ ఒకే వరుసలో పెట్టాడు. కాగితం మీద భలే ఉంటుంది, తొమ్మిది బెటాలియన్ల గోడ. ఎడమ పక్క ఒక బెటాలియన్ విరిగింది. పంపడానికి చేతిలో ఏమీ లేదు. పోరులో ఉన్న బ్రిగేడ్‌ను వెనక్కి తీసి పక్కకు పంపాలంటే నా రూల్స్‌లో నాలుగు టర్న్‌లు పడుతుంది, నిజంలో ఒక రాత్రి పట్టొచ్చు. రెండు బ్రిగేడ్లు ముందు, ఒకటి వెనక. వెనక ఉన్నదాన్ని ఎప్పుడు వదలాలో తెలుసుకోవడంలోనే డివిజన్ ఆట మజా అంతా ఉంది.

ఆర్డర్ల రూల్ ఒకటి తప్పకుండా పెట్టుకో, లేకపోతే ఇదంతా చదరంగం అయిపోతుంది. మేము వాడేది సింపుల్‌గా ఉంటుంది. ప్రతి బ్రిగేడ్‌కు ఆట మొదట్లోనే మ్యాప్ జిరాక్స్ మీద స్కెచ్ పెన్‌తో ఒక బాణం గీస్తాం: ఇటు నుంచి ఇటు, దాడి లేదా రక్షణ. ఆ బాణం ప్రకారం కదలడానికి పాచికలు అక్కర్లేదు. బాణం మార్చాలంటే డివిజన్ హెడ్‌క్వార్టర్స్ ఒక పాచిక వేస్తుంది. నాలుగు, ఆపైన పడితే వచ్చే టర్న్‌లో మారుతుంది. పడకపోతే ఆర్డర్ దారిలో ఉందని అర్థం, మళ్ళీ వేసుకోవాలి. హెడ్‌క్వార్టర్స్ బేస్ ఆ టర్న్‌లో కదిలి ఉంటే ఐదు, ఆపైన పడాలి, ఎందుకంటే రేడియోలు సర్దుకుంటూ ఉంటారు. సిగ్నల్స్ వాళ్ళ పని ఇదే. ఒక టర్న్ అరగంట అనుకో. పోరు జరిగే నేలలో ఇన్‌ఫంట్రీ ఆ అరగంటలో 8 నుంచి 10 సెంటీమీటర్లకు మించి పోకూడదు. రోడ్డు మీద, ఎవరూ కాల్చకుంటే దాదాపు రెట్టింపు.

ఇక ఫిరంగులు. ఒక్కో ఫీల్డ్ రెజిమెంట్‌ను ఒక్కో బ్రిగేడ్‌కు కట్టెయ్. ఆ బ్రిగేడ్ అబ్జర్వర్ అడగగానే ఆ రెజిమెంట్ అదే టర్న్‌లో కొడుతుంది. వేరే బ్రిగేడ్ రెజిమెంట్ కావాలంటే, మీడియం రెజిమెంట్ కావాలంటే, డివిజన్ హెడ్‌క్వార్టర్స్ ఒక ఆర్డర్ ఖర్చుపెట్టాలి, ఒక టర్న్ ఆలస్యం. నాలుగు రెజిమెంట్లూ ఒకే చోట కొట్టే అవకాశం ఉండాలి, 72 గన్‌లు ఒక్కసారి పలికితే ఎదురుగా ఉన్న బెటాలియన్ ఆ టర్న్ తల ఎత్తకూడదు. కానీ గుండ్లకు లెక్క ఉండాలి. బ్యాటరీ బేస్ పక్కన కందిపప్పు గింజలు పెట్టుకుంటాం మేము, ఒక ఫైరింగ్‌కు ఒక గింజ. అయిపోతే లారీ బేస్ దగ్గరికి రావాలి. ఇది లేని ఆటలో మొదటి టర్న్ నుంచి చివరిదాకా అందరూ కాలుస్తూనే ఉంటారు. అబ్జర్వర్ చచ్చిపోతే ఆ బెటాలియన్‌కు ఫిరంగులు లేనట్టే, ఇంకొకరు వచ్చేదాకా. అబ్జర్వర్లను కాపాడుకోవడం కొత్తవాళ్ళకు చివరిగా వచ్చే విద్య.

రాత్రి టర్న్‌లు వదలొద్దు. మన డివిజన్లు 1971లో పెద్ద పనులు చాలావరకు చీకట్లో మొదలుపెట్టాయి. రాత్రి చూపు 3 సెంటీమీటర్లు, నడక సగం, ఫిరంగులు ముందే రాసుకున్న టార్గెట్ల మీద మాత్రమే.

ఇప్పుడు నీ రెండు పెట్టెల సంగతి. పడేయాల్సిన పని లేదు. 4 సెంటీమీటర్ల చదరం బేస్ మీద 1/72 సైనికులు ఇద్దరు చక్కగా పడతారు. బ్రిగేడ్‌కు పదిహేను బేసులు, హెడ్‌క్వార్టర్స్ ఒకటి, అబ్జర్వర్లు ముగ్గురు అంటే నలభై బొమ్మల లోపే. నీ రెండు పెట్టెల్లో రెండో బ్రిగేడ్ కూడా చాలావరకు వస్తుంది. చిక్కు ట్యాంకుల దగ్గర. 1/72లో ఒక ట్యాంకు పది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. మన కొలతలో అది ఒక కిలోమీటరు పొడవు ట్యాంకు, ఏరు దాటనక్కర్లేదు, దాని మీద వంతెనలా పడుకుంటుంది. కాబట్టి ట్యాంకులు, గన్‌లు మాత్రం 1/285 లేదా 1/300 సైజులో తీసుకో. ట్యాంకు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, బేస్‌లో పడుతుంది. రెండు సైజులు పక్కపక్కన చూసి కొందరు ముఖం చిట్లిస్తారు, రెండు ఆటల తర్వాత ఎవరికీ గుర్తుండదు. డబ్బు ఉన్నప్పుడు ఇన్‌ఫంట్రీని కూడా అదే సైజులోకి మార్చుకో, 3 సెంటీమీటర్ల బేస్ మీద ఐదారుగురు నిలబడితే నిజంగా కంపెనీలా కనిపిస్తుంది.

విదేశాల నుంచి తెప్పిస్తే బొమ్మ ధర కంటే పోస్టేజీ, కస్టమ్స్ ఎక్కువయ్యే సందర్భాలున్నాయి. నలుగురు కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి. లేదా నీ కాలేజీలో రెసిన్ 3డి ప్రింటర్ ఉంటే లాబ్ అసిస్టెంట్‌తో స్నేహం చెయ్యి, అంతకంటే చౌక దారి లేదు. బేసులకు 3 ఎంఎం ఎండీఎఫ్ (చెక్కపొడితో చేసిన పలక) షీట్ చాలు. ఫ్లెక్సీలు, స్టిక్కర్లు కట్ చేసే షాపుల్లో లేజర్ మిషన్ ఉంటుంది, ఫైల్ ఇస్తే ఎనభై చదరాలు ఒకేసారి కోసిస్తారు. బేస్ మీదికి మీ అనంతపురం ఎర్రమట్టి వాడొద్దు, షకర్‌గఢ్ నేల రంగు వేరు. ఇసుక జల్లించి, ఫెవికాల్‌లో అద్ది, లేత గోధుమ రంగు వెయ్యి. బేస్ వెనక అంచుకు ఒక కాగితం పట్టీ అంటించు: బ్రిగేడ్‌కు ఒక రంగు, దాని మీద బెటాలియన్ పేరు, కంపెనీ అక్షరం. ఇది రంగులు వేయడం కంటే ముఖ్యం. గుర్తులు లేని డివిజన్ రెండో టర్న్‌లోనే కలగాపులగం అవుతుంది, ఎవరి కంపెనీ ఎవరిదో తెలియక గొడవలు.

చివరి ప్రశ్న, ఎదుటి పక్షం. దానికి డివిజన్ అక్కర్లేదు. దాడి చేసేవాడికి మూడింతల బలం కావాలనేది పాత లెక్క, అది ముఖ్యమైన చోట మాత్రమే కుదిరితే చాలు. కాబట్టి నీ డివిజన్‌కు ఎదురుగా ఒక బ్రిగేడ్, దానికి ఫిరంగులు, వెనక ఒక ఆర్మర్డ్ బ్రిగేడ్ రిజర్వ్‌గా పెట్టు. బసంతర్‌లో అయితే 13 లాన్సర్స్, 31 కావల్రీ ట్యాంకు రెజిమెంట్ల స్క్వాడ్రన్లకు ఆరు బేసులు, 17వ తేదీ ఎదురుదాడికి 35 ఫ్రాంటియర్ ఫోర్స్ బెటాలియన్ ఒకటి. వీటితోపాటు బొమ్మలేమీ లేని ఖాళీ బేసులు ఓ పది కోయించు. ఆట మొదట్లో రక్షణ పక్షం బేసులన్నీ అట్టముక్కల కింద దాచి, ఖాళీవి కూడా వాటి మధ్య కలిపేయాలి. దాడి చేసేవాడు పెట్రోలింగ్ పంపి, ఒక టర్న్ ఖర్చుపెట్టి తెలుసుకోవాలి ఏది నిజం, ఏది ఉత్తదని. మందుపాతరల పట్టీలకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ ఉత్తది ఏదో తేల్చేది ఇంజనీర్ బేస్ ఒక్కటే.